సిఫార్సు వేరు, పూచీ వేరు: క్రైస్తవంలో విజ్ఞాపన, రుణక్షమ

ఫిలేమోనుకు తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన ఉత్తరం కొత్త నిబంధనలోని చిన్న పుస్తకాల్లో ఒకటి. మొత్తం 25 వచనాలు. ఫిలేమోను కాస్త కలిగినవాడు, అతని ఇంట్లోనే సంఘం కూడుకుంటుంది. అతని బానిస ఒనేసిము యజమానికి దూరమై, జైల్లో ఉన్న పౌలు దగ్గరికి చేరి, అక్కడ విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు అతన్ని వెనక్కి పంపుతూ పౌలు రాస్తున్నాడు: ఇకమీదట బానిసలా చూడకు, ప్రియమైన సోదరుడిగా చేర్చుకో, నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో.

ఇంతవరకూ ఇది ఒక పెద్దమనిషి చేసే మాటసాయం. 18వ వచనం దగ్గర వ్యవహారం మారుతుంది. అతను నీకు నష్టం చేసి ఉంటే, ఏదైనా బాకీ ఉంటే, అది నా లెక్కలో వేసుకో అంటాడు పౌలు. ఆ వెంటనే, పౌలు అనే నేను ఇది నా చేత్తోనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అంటాడు. పౌలు తన ఉత్తరాలు సాధారణంగా ఎవరిచేతనైనా రాయించేవాడు. ఈ ఒక్క మాట సొంత చేతిరాతతో ఉందని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. ఆ కాలంలో అప్పు పత్రం రాసుకునే పద్ధతి అదే. అంటే ఉత్తరం మధ్యలో పౌలు నోటు రాసిచ్చాడు. రాసిచ్చి, ఆ పక్కనే, నువ్వే నాకు బాకీ ఉన్నావని, నీ ప్రాణమే బాకీ ఉన్నావని మాత్రం నేను అననులే అని ఒక చురక కూడా వేశాడు. అననంటూనే అన్నాడు.

క్రైస్తవ బోధలో విజ్ఞాపన, రుణక్షమ వేర్వేరు పాఠాలుగా వస్తాయి. ఒకరి కోసం మరొకరు దేవుణ్ణి వేడుకోవడం ఒకటి, దేవుడు మన పాపాల అప్పు కొట్టేయడం మరొకటి. ఈ చిన్న ఉత్తరంలో మాత్రం రెండూ ఒకే వాక్యంలో కలిశాయి. ఈ విషయంలో శతాబ్దాలుగా పడ్డ చిక్కుముళ్ళలో చాలావాటికి కారణం విజ్ఞాపనను సిఫార్సు అనుకోవడమేనని నాకనిపిస్తుంది. బైబిల్లో దాని గట్టి రూపం పూచీ.

ఈ రెంటికీ తేడా తెలియాలంటే పౌలు ఉత్తరం పక్కన ఇంకో ఉత్తరం పెట్టి చదవాలి. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత రోమన్ ప్రముఖుడు ప్లినీ, సబీనియానస్ అనే మిత్రుడికి రాసినది. సందర్భం అచ్చం ఇలాంటిదే. సబీనియానస్ ఒకప్పుడు విడుదల చేసిన బానిస ఏదో తప్పు చేసి, యజమాని కోపానికి భయపడి ప్లినీ కాళ్ళ మీద పడ్డాడు. ప్లినీ చాలా అందంగా రాశాడు. నీ కోపం న్యాయమైనదే, న్యాయమైన కోపం వచ్చినప్పుడే కదా దయకు విలువ, అతని వయసు చూడు, కన్నీళ్ళు చూడు, నీ మంచితనం చూసుకో, అతన్ని బాధపెడితే నువ్వూ బాధపడతావు. నేను అతన్ని గట్టిగా మందలించాను, మళ్ళీ అతని కోసం అడగనని బెదిరించాను కూడా, అది అతన్ని భయపెట్టడానికి అన్నమాటే గానీ నీకు కాదు అనీ రాశాడు. ఆ సిఫార్సు ఫలించింది, ప్లినీ ధన్యవాదాలు చెబుతూ ఇంకో ఉత్తరం రాశాడు. మనసున్న మనిషే. కానీ ఈ వ్యవహారంలో ప్లినీ జేబుకి నష్టమేమీ లేదు. పౌలు ఒనేసిము కన్నీళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు, క్షమాపణ చెబుతున్నాడు అని బతిమాలలేదు. బాకీ ఎంతైనా సరే నా పేరున రాసుకోమన్నాడు.

అప్పు అనే మాట యేసు బోధ వింటున్నవాళ్ళకు ఆధ్యాత్మిక ఉపమానం కాదు. అప్పుల్లో పొలాలు పోగొట్టుకుని, సొంత పొలంలోనే కూలీలైన రైతులు ఆ కాలపు పాలస్తీనాలో కొత్త కాదు. క్రీ.శ. 66లో రోమ్ మీద తిరుగుబాటు మొదలైనప్పుడు యెరూషలేములో తిరుగుబాటుదార్లు అప్పు పత్రాలు దాచిన భవనానికి నిప్పు పెట్టారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అప్పుల్లో ఉన్న పేదలు తమవైపు వస్తారని వాళ్ళ లెక్క.

అప్పు కొట్టివేత మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ప్రతి ఏడో ఏటా తోటి ఇశ్రాయేలీయుడికిచ్చిన అప్పు వదిలేయాలి. ఏడో ఏడు దగ్గరపడిందని చెప్పి పేదవాడికి అప్పివ్వకుండా మొహం తిప్పుకోవద్దని అదే అధ్యాయం హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక పనిచేయలేదు. యేసు పుట్టడానికి కొద్దికాలం ముందు హిల్లేలు అనే ప్రసిద్ధ రబ్బీ, అప్పును న్యాయస్థానానికి అప్పగించి ఏడో ఏటి మాఫీ నుంచి తప్పించే ఏర్పాటు చేశాడు. పేదవాళ్ళకు అప్పు పుట్టకుండా పోతోందని ఆ పని చేశాడట. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం మాఫీ కాగితానికి పరిమితం కావడం.

అంతకు నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందు యూదా దేశానికి అధిపతిగా ఉన్న నెహెమ్యా కాలంలో జనం ఇంకా ఘోరంగా ఉన్నారు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టి తిండిగింజలు తెచ్చుకున్నారు, పన్ను కట్టడానికి అప్పు చేశారు, పిల్లల్ని బానిసలుగా ఇచ్చారు. నెహెమ్యా పెద్దల్ని నిలదీసిన తీరు అతని పేరున్న గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. అందులో ఒక మాట దాటేసి చదువుతాం: నేనూ, నా బంధువులూ, నా దాసులూ కూడా అప్పులిచ్చాం, ఇక ఈ వడ్డీ మానేద్దాం అంటాడు. జనం తరఫున వాదించినవాడు తన బాకీలు కూడా వదులుకుంటూ వాదించాడు.

కాబట్టి ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అని మత్తయి రాసినప్పుడు విన్నవాళ్ళకు ముందు తట్టింది నిజమైన అప్పే అయ్యుంటుంది. లూకా అక్కడ పాపాలు అన్నాడు, కానీ ఆ వాక్యం రెండో సగంలో మనకు బాకీ ఉన్నవాళ్ళ మాట ఆయనా వదల్లేదు.

ఇక్కడ మత్తయి 18లో ఉన్న కథ దగ్గర కాస్త ఆగాలి. ఒక రాజుకు అతని దాసుడు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారాలు, ఒక దేనారం ఒక కూలీ రోజు జీతం. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. గలిలయ, పెరయ ప్రాంతాలను ఏలిన హేరోదు అంతిపకు ఏడాదికొచ్చే ఆదాయం 200 తలాంతులని జోసీఫస్ చెబుతాడు. ఆ లెక్కన దాసుడి అప్పు ఆ రాజ్యం 50 ఏళ్ళ రాబడి. వింటున్నవాళ్ళు నవ్వి ఉంటారు. ఆ దాసుడు సాగిలపడి అడిగింది మాఫీ కాదు, గడువు. కొంచెం ఓర్చుకో, అంతా తీర్చేస్తాను అన్నాడు. రాజు గడువివ్వలేదు, మొత్తం కొట్టేశాడు.

బయటికొచ్చిన దాసుడు తనకు వంద దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి గొంతు పట్టుకున్నాడు. వంద దేనారాలంటే మూడు నాలుగు నెలల కూలి, తక్కువేం కాదు. ఆ రెండోవాడు కూడా అదే మాట అన్నాడు: కొంచెం ఓర్చుకో, తీర్చేస్తాను. ఇతను నిజంగానే తీర్చగలడు. అయినా చెరసాలలో వేయించాడు. అది చూసిన తోడి దాసులు వెళ్ళి రాజుకు చెప్పారు. మన ప్రసంగాల్లో ఈ తోడి దాసుల గురించి ఎవరూ మాట్లాడరు. చెరసాలలో ఉన్నవాడి తరఫున రాజు దగ్గర నోరు విప్పినవాళ్ళు వాళ్ళే. చిన్న అప్పువాడి పక్షాన చేసిన విజ్ఞాపన అది.

రాజు తన మాఫీని వెనక్కి తీసుకున్నాడు, అంతా తీర్చేదాకా ఆ దాసుణ్ణి బాధపెట్టేవాళ్ళకు అప్పగించాడు. ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది. ఒకసారి క్షమించినది మళ్ళీ తిరగబడుతుందా? 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి దీన్ని తీరిగ్గా చర్చించి, క్షమించిన పాపాలు అవే తిరిగి రావు, కానీ క్షమ పొందినవాడి కృతఘ్నత కొత్త నేరమై పాత బరువునంతా మోసుకొస్తుంది అన్న ధోరణిలో తేల్చాడు. కథ చదివితే నాకూ అదే సబబనిపిస్తుంది. మనం క్షమించడం దేవుడి క్షమకు ధర కాదు. మనం క్షమించకపోవడం మాత్రం, ఆ మాఫీ మనకు అర్థమే కాలేదనడానికి సాక్ష్యం.

ఇప్పుడు అసలు ముడి. క్రీస్తు సిలువ మీద మన అప్పు తీర్చాడని చెబుతారు. దేవుడు మన అప్పు క్షమించాడనీ చెబుతారు. రెండూ ఎలా కుదురుతాయి? తీర్చేశాక క్షమించడానికి ఏం మిగిలింది? క్షమిస్తే తీర్చడం ఎందుకు? 1098లో క్యాంటర్బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ రాసిన గ్రంథం ఈ తీర్చడం వైపు బరువు పెట్టింది. మనిషి బాకీ పడ్డాడు, తీర్చే స్థోమత దేవుడికే ఉంది, అందుకే తీర్చేవాడు దేవుడూ మనిషీ అయ్యుండాలి అని ఆయన తర్కం. 16వ శతాబ్దం చివర సోసీనస్ అనే ఇటాలియన్ వేదాంతి దీనికి ఎదురు తిరిగాడు. మాఫీ, చెల్లింపు ఒకదానికొకటి పొసగవు, అప్పిచ్చినవాడికి డబ్బు ముట్టాక దాన్ని ఔదార్యమని ఎలా అంటారని అడిగాడు. ప్రశ్న మామూలుది కాదు.

దీనికి మనవాళ్ళకు తెలిసిన జవాబే ఉంది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండుచోట్లా పంట రుణమాఫీ జరిగింది. రైతు వైపు నుంచి చూస్తే అది మాఫీ. బ్యాంకు వైపు నుంచి చూస్తే అది చెల్లింపు, ఖజానా నుంచి విడతలవారీగా డబ్బు వచ్చింది. విడత రానంతకాలం రైతు ఖాతాలో బాకీ అలాగే కనబడేది, వడ్డీ పెరిగేది. ఆ టెన్షన్ పడ్డవాళ్ళకు తెలుసు, మాఫీ అనే మాట అనగానే అప్పు గాల్లో కలిసిపోదు, ఎవరో ఒకరు మోయాలి. మోసేది అప్పు తీసుకున్నవాడు కానప్పుడు అతనికి అది మాఫీయే. క్రైస్తవ బోధలో తేడా ఒక్కటే: ఇక్కడ అప్పిచ్చినవాడే భారం మోశాడు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని, అపరాధాలు లెక్కకట్టలేదని రెండో కొరింథీ పత్రిక 5వ అధ్యాయం అంటుంది. రాజు పదివేల తలాంతులు కొట్టేసిన రోజున అతని ఖజానాకు పదివేల తలాంతుల గండి పడింది, కథలో ఎవరూ చెప్పకపోయినా.

ఇక పూచీ. సామెతల గ్రంథం దీనికి గట్టి వ్యతిరేకి. స్నేహితుడి కోసం పూటపడ్డావా, వేటగాడి చేతిలోంచి లేడిలా తప్పించుకో అంటుంది 6వ అధ్యాయం. చెల్లించడానికి నీ దగ్గరేమీ లేకపోతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారు అంటుంది 22వ అధ్యాయం. హామీ సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్న వాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, వాళ్ళు ఈ వచనాలకు ఆమేన్ అంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ కూడా అంతే నిర్దయగా ఉంటుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుడి బాధ్యతా అంతే.

ఇంత ప్రమాదమని తెలిసీ బైబిల్లో కొందరు పూటపడ్డారు. ఆదికాండం 43లో యూదా తన తండ్రితో, చిన్న తమ్ముడు బెన్యామీనుకు నేను పూచీ, తిరిగి తేకపోతే నన్నడుగు అంటాడు. తర్వాతి అధ్యాయంలో ఐగుప్తులో బెన్యామీను మూటలో అధికారి గిన్నె దొరికి దొంగతనం నేరం పడినప్పుడు, ఎదురుగా ఉన్న ఆ అధికారి తాము ఒకప్పుడు అమ్మేసిన తమ్ముడు యోసేపని తెలియక, చాలా పొడవైన విన్నపం చేస్తాడు. దాని చివర, ఈ చిన్నవాణ్ణి వదిలేయండి, బదులుగా నేను బానిసగా ఉంటాను అంటాడు. ఆ యోసేపును అమ్మేద్దామని ఒకప్పుడు సలహా ఇచ్చినవాడే ఈ యూదా. మోషే కూడా అంతే. జనం బంగారు దూడను పూజించిన వ్యవహారంలో ప్రజల్ని క్షమించు, లేదంటే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచేయి అన్నాడు. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము చేసింది మాత్రం వేరు. యాభై మంది నీతిమంతులుంటే, నలభై అయిదుంటే, నలభై, ముప్ఫై, ఇరవై, పది అంటూ బేరమాడాడు. గొప్ప బేరమే గానీ తనను తాను పణంగా పెట్టలేదు.

హెబ్రీ పత్రిక 7వ అధ్యాయంలో ఈ రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. 22వ వచనంలో యేసు మేలైన నిబంధనకు పూటకాపు, అంటే హామీదారుడు. మూడు వచనాల తర్వాత, 25లో, ఆయన మన పక్షాన విజ్ఞాపన చేయడానికి నిరంతరం జీవిస్తున్నాడు. ముందు పూచీ, ఆ తర్వాతే విన్నపం. క్రీస్తు విజ్ఞాపన అంటే కఠినుడైన తండ్రి దగ్గర దయగల కొడుకు బతిమాలడం అనే బొమ్మ చాలామంది మనసుల్లో ఉంది. యోహాను 16లో యేసే దాన్ని చెరిపేస్తాడు: మీ కోసం నేను తండ్రిని వేడుకుంటానని చెప్పడం లేదు, తండ్రే మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు. దేవుడి మనసు మార్చే సిఫార్సు అక్కర్లేదు. పూచీ పడినవాడు అక్కడున్నాడన్నదే విజ్ఞాపన.

మరి పునీతుల విజ్ఞాపన? ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు లక్షలమంది వెళ్తారు, మా కోసం ప్రార్థించమని మరియమ్మను అడుగుతారు. మధ్యవర్తి ఒక్కడే అని ఒకటో తిమోతి 2:5 చూపించి ప్రొటెస్టెంట్లు తప్పు పడతారు. పైకి పెద్ద గొడవలా కనిపిస్తుంది గానీ, కతోలిక బోధ కూడా మరియమ్మ మన అప్పు తీరుస్తుందని అనదు, అడుగుతుందని అంటుంది. పక్కింటి ఆంటీని నా కోసం ప్రార్థన చేయమని అడిగే ప్రొటెస్టెంటుకు అడగడం మీద అభ్యంతరం ఉండదు, చనిపోయినవాళ్ళను అడగడం మీదే అభ్యంతరం. అది వేరే చర్చ.

నిజమైన చిక్కు అడగడం నుంచి తీర్చడంలోకి జారినప్పుడు వచ్చింది. క్రీస్తు పుణ్యంతో పాటు పునీతుల పుణ్యమూ చేరిన నిధి సంఘం చేతిలో ఉందని 1343లో పోప్ ఆరో క్లెమెంట్ ప్రకటించాడు. ఆ నిధి నుంచి పాపానికి మిగిలిన శిక్షను తగ్గించేవే ఇండల్జెన్సులు. 1476లో నాలుగో సిక్స్టస్ వాటిని చనిపోయినవాళ్ళకూ వర్తింపజేశాడు. ఇక డబ్బు వచ్చి చేరింది. మైన్జ్ ఆర్చిబిషప్పు పదవి కోసం ఆల్బ్రెక్ట్ రోమ్‌కు కట్టాల్సిన సొమ్ము ఆగ్స్‌బర్గ్ వడ్డీ వ్యాపారులు ఫుగ్గర్ల దగ్గర అప్పు చేశాడు. ఇండల్జెన్సుల అమ్మకంలో సగం ఆ అప్పు తీర్చడానికి, సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ నిర్మాణానికి. రుణక్షమ అమ్మి బ్యాంకు అప్పు కట్టారు. 1517 అక్టోబరులో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదాలు ఈ నేపథ్యంలోనే వచ్చాయి, సంఘానికున్న అసలు నిధి సువార్తే అని 62వ వాదం. కతోలిక సంఘం కూడా ట్రెంట్ నగరంలో జరిగిన బిషప్పుల మహాసభలో దుర్వినియోగాన్ని ఖండించి, 1567లో డబ్బుతో ముడిపడ్డ ఇండల్జెన్సులు రద్దు చేసింది. ఫిలేమోను పత్రికకు రాసిన ముందుమాటలో లూథర్, మనమందరం క్రీస్తుకు ఒనేసిములమే అన్నాడు.

ఆ మాట బాగుంది గానీ అసలు ఒనేసిము సంగతి అందులో మరుగున పడుతుంది. పౌలు అతని విడుదల సూటిగా అడగలేదు, చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తావని నమ్ముతున్నాను అని వదిలేశాడు. ఆ వెలితిని బానిస యజమానులు తర్వాత బాగా వాడుకున్నారు. 1833లో అమెరికాలోని జార్జియాలో చార్లెస్ కోల్కాక్ జోన్స్ అనే తెల్ల ప్రసంగీకుడు ఈ ఉత్తరం మీదే బానిసలకు ప్రసంగించాడు. పారిపోవడం తప్పు అనేసరికి వింటున్నవాళ్ళలో సగంమంది లేచి వెళ్ళిపోయారని ఆయనే రాసుకున్నాడు. మిగిలినవాళ్ళలో కొందరు, అలాంటి పత్రిక బైబిల్లో లేనేలేదన్నారు. వాళ్ళు విన్న ప్రసంగంలో 18వ వచనం బరువు లేదు. ఎవరి లెక్కలోనూ ఏమీ పడని విజ్ఞాపన అది.

అప్పు మాఫీని మళ్ళీ నిజమైన అప్పు దగ్గరికి తెచ్చిన ప్రయత్నాలూ ఉన్నాయి. లేవీయకాండం 25లో యాభై ఏళ్ళకోసారి బానిసలకు విడుదల, అమ్ముడైన పొలాలు తిరిగి సొంతదారులకు ఇచ్చే సునాద సంవత్సరం (జూబిలీ) పేరు మీదే జూబిలీ 2000 ఉద్యమం నడిచింది. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో జీ8 దేశాల నేతల సమావేశం చుట్టూ 70 వేలమంది చేయీ చేయీ కలిపి నిలబడి పేద దేశాల అప్పులు కొట్టేయమన్నారు. మరుసటి ఏడు కొలోన్‌లో ఆ దేశాలు మాఫీని పెంచడానికి ఒప్పుకున్నాయి, తర్వాతి ఏళ్ళలో 30కి పైగా దేశాలకు ఉపశమనం దొరికింది. అక్కడ నిలబడినవాళ్ళలో చాలామంది అప్పిచ్చిన దేశాల పౌరులే. కొట్టేసిన సొమ్ము వాళ్ళు కట్టిన పన్నుల్లోంచి పోయేదే, కాబట్టి వాళ్ళది కొంతవరకూ పూచీయే. 2025 జూబిలీని ప్రకటిస్తూ పోప్ ఫ్రాన్సిస్ కూడా ధనిక దేశాలను ఇదే కోరారు. పేద దేశాల బాండ్లు ఇప్పుడు ప్రైవేటు మదుపరుల చేతుల్లోనూ ఉన్నాయి, వాళ్ళెవరూ వాటికన్ మాట వినాల్సిన పనిలేదు. ఆ పిలుపు ఎంత న్యాయమైనదైనా, ఈ లెక్కలో ప్లినీ వైపే వస్తుంది.